పేరు రాయను, ఫొటో వేయొద్దు

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ ఉత్తరాల పేజీలో ఖమ్మం పాఠకుడొకరు రాసింది రెండుసార్లు చదివాను. క్రైస్తవుడు వేరే మతంవాడితో చేసే స్నేహం గాలానికి గుచ్చిన ఎర లాంటిదని ఆయన రాశారు. చదవగానే కోపం వచ్చింది. గట్టిగా జవాబిద్దామని కాగితం తీసుకున్నాక నా సంగతే గుర్తొచ్చి పెన్ను ఆగిపోయింది. ఆయన అన్న మాట నా విషయంలో పది నెలల పాటు నిజమైంది మరి. అందుకే వాదన పక్కన పెట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది డోర్నకల్. 1983లో రైల్వేలో పట్టాల పని చేసే గ్యాంగ్‌మన్‌గా చేరి, రోజూ పట్టాల వెంట నడుస్తూ వాటిని చూసుకునే కీమన్‌గా 2019లో రిటైరయ్యాను. రోజూ కాసేపు నడవమని ఇప్పుడు డాక్టరు చెబుతుంటే నవ్వొస్తుంది.

మా తాత ఇక్కడికి దగ్గర్లోనే ఒక మాదిగ పల్లెలో పుట్టాడు. అజరయ్య బిషప్ గారి రోజుల్లో బాప్తిస్మం తీసుకున్నాడు. బాప్తిస్మం పొందినవాళ్లు తమ నెత్తిన తాము చెయ్యి పెట్టుకుని ‘నేను సువార్తను ప్రకటింపకపోయిన యెడల నాకు శ్రమ’ అనే వాక్యం చెప్పాలని ఆ బిషప్ గారి పద్ధతి. మా తాతకు చదువు రాదు గానీ చచ్చేదాకా ఆ వాక్యం మర్చిపోలేదు. మాకు పొలం పుట్రా ఏమీ రాలేదు, ఆ వాక్యం మాత్రం వచ్చింది. కాబట్టి నా విశ్వాసం సంగతి ఎవరికీ చెప్పను, నాకు ఆ ఉద్దేశమే లేదు అని మీ పాఠకుడికి అబద్ధం చెప్పలేను. ఉంది. ఎలా చెప్పాలనే దగ్గరే నేను తప్పు చేశాను.

అజరయ్య గారు మన తెలుగువాడు కాదని ఈ కాలం పిల్లలకు తెలియదు. తిరునెల్వేలి వైపు వెల్లాలన్‌విళైలో 1874లో పుట్టిన తమిళుడు ఆయన. 1909లో డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని, ఇక్కడే ఉండిపోయాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. దానికి రెండేళ్ల ముందు, 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల పెద్ద సభ జరిగింది. ముప్పై అయిదేళ్ల ఈ మనిషి అంతమంది దొరల ముందు నిలబడి, మీరు పేదలకు మీ ఆస్తి ఇచ్చారు, మీ శరీరాలు కాల్చుకోవడానికి ఇచ్చారు, మేము ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నాడు. సభలో చాలామందికి ఆ మాట మింగుడు పడలేదంటారు. మా చర్చిలో ఏటా ఎవరో ఒకరు ఈ కథ చెబుతారు. నేనూ ఏటా తల ఊపేవాణ్ని. అది దొరలకు చెప్పిన మాట కదా, మనకేంటి అనుకునేవాణ్ని.

2013 ఎండాకాలంలో మా గ్యాంగ్‌లోకి బీహార్ నుంచి ఒక కుర్రాడొచ్చాడు. గంగ ఒడ్డు జిల్లా. బీయస్సీ లెక్కలు. పరీక్ష రాసి ట్రాక్‌మన్ ఉద్యోగం తెచ్చుకున్నాడు. మేలో మా దగ్గర పట్టా మీద నీళ్లు చల్లితే సుయ్‌మంటాయి. మొదటి వారమే అతని అరచేతులు బొబ్బలెక్కాయి. తెలుగు ఒక్క ముక్క రాదు. మా గ్యాంగ్ పెద్ద, మేట్, ‘ఆగు’ అంటే ‘లాగు’ అనుకుని బార్ ఎత్తేవాడు, అందరూ నవ్వేవాళ్లు. నాకు హిందీ కొద్దిగా వచ్చు కాబట్టి నాతో మాట కలిపాడు. రెండో రోజే, ‘చాచా, మీది ఏ జాత్?’ అనడిగాడు. చెప్పాను. మర్నాటి నుంచి అతని టిఫిన్ డబ్బా పట్టాలకు అవతలి పక్కకు వెళ్లింది. మేము వేపచెట్టు నీడలో, అతను ఎండలో తుమ్మచెట్టు కింద. పేచీ లేదు, అవమానం చేసినట్టూ లేదు. అన్నం టైముకు పట్టాలు దాటి అవతలికి వెళ్లేవాడు, అంతే.

అప్పుడు అర్థమైంది నాకు, స్నేహితులను ఇవ్వండి అని దొరల్ని అడగడం తేలికే. అవతల ఒంటరిగా రొట్టె తినే పిల్లవాణ్ని అడగడానికి నాకు నోరు రాలేదు.

మూడు నెలల తర్వాత అతనికి జ్వరం పట్టుకుంది. అద్దె గదిలో ఒక్కడే. మా ఆవిడ రాగి జావ కాచి నాతో పంపింది. తాగుతాడా, నేను వెనక్కి తిరగ్గానే పారబోస్తాడా అనుకుంటూనే ఇచ్చి వచ్చాను. రెండో రోజు సాయంత్రం కడిగిన గిన్నె పట్టుకుని మా గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు. ‘చాచీ, ఇంకొంచెం ఉందా?’ అన్నాడు. ఆ తర్వాత డబ్బా వేపచెట్టు కిందికి వచ్చింది. గోంగూర పచ్చడి మొదటిసారి తిన్నప్పుడు కళ్లల్లో నీళ్లు పెట్టుకున్నాడు, ఆర్నెల్లకు అది లేకపోతే ముద్ద దిగేది కాదు.

నేను ఇంకా దేవుడి మాట ఎత్తలేదు. ఎత్తింది అతనే. ఒక ఆదివారం వంటింటి గుమ్మంలో పీట మీద కూర్చుని మా ఆవిడ వంట చూస్తున్నాడు. ఆవిడ డబ్బాతో బియ్యం కొలిచి గిన్నెలో పోసింది. కడిగే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి, అరలో ఉన్న పాత హార్లిక్స్ సీసాలో వేసి మూత పెట్టింది. అతను చూసి, ‘కొలత ఎక్కువైందా చాచీ?’ అన్నాడు. ‘ఎక్కువ కాలేదు. అది దేవుడి వాటా.’ ‘దేవుడు తింటాడా?’ ‘దేవుడు తినడు, పాస్టరుగారు తింటారు’ అని ఆవిడ నవ్వింది. అతనికి నవ్వు రాలేదు. లేచి వెళ్లి సీసా చేతిలోకి తీసుకుని చూశాడు. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, ఏ పూట ఏది వండితే అది, పొరలు పొరలుగా ఉంది. ‘రోజూనా?’ అన్నాడు. ‘రెండు పూటలా.’ ‘ఇంట్లో బియ్యం తక్కువున్న రోజు?’ ‘పిడికిలి చిన్నది చేస్తా.’

పిడికెడు బియ్యం మా సంఘాల్లో పాత అలవాటే. మా నాయనమ్మ కాలంలో ఊళ్లో ప్రార్థనలు నడిపే ఉపదేశి ఇల్లు గడిచింది ఆ బియ్యంతోనే. ఇప్పుడు ఆదివారం సంచిలో తీసుకెళ్తే చర్చి అయ్యాక వేలం వేస్తారు, కొనుక్కునేదీ మళ్లీ మేమే. ఆ రోజు అతను సీసా గురించి అడిగినన్ని ప్రశ్నలు నన్ను మా సంఘంలో ఎవరూ అడగలేదు. మా ఆవిడ ఒక్క వాక్యం వల్లించకుండా అన్నిటికీ జవాబు చెప్పింది.

తెలుగు అక్షరాలు కూడా ఆవిడ దగ్గరే నేర్చుకున్నాడు, ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకంలో. అందులో కుట్రేమీ లేదు. మా ఇంట్లో పెద్దక్షరాల పుస్తకం అదొక్కటే. ఆవిడ సాగదీసి పాడుతుంటే అతను వేలితో అక్షరాల వెంట వెళ్లేవాడు. ‘ఱ’ దగ్గర ఆగి, ఇదెందుకు, ‘ర’ ఉంది కదా అనేవాడు. దానికి మాత్రం మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు.

ఆ చలికాలం పెట్రోలింగ్‌కు మనుషులు చాలక నన్నూ రాత్రి డ్యూటీలో వేశారు. చలికి పట్టా బిగుసుకుని విరుగుతుంది, అది కనిపెట్టడానికి ఇద్దరు మనుషులు టార్చీలు పట్టుకుని తెల్లవార్లూ నడవాలి. ఆ నడకలో మేం మాట్లాడుకోని సంగతి లేదు. ‘మీ దేవుణ్ని మనుషులే చంపారు కదా, తనను తాను కాపాడుకోలేనివాడు దేవుడెట్లా అయ్యాడు?’ అనడిగాడు ఒక రాత్రి. మా పాస్టరుగారైతే అరగంట చెప్పేవారు. నేను ఒక ఫర్లాంగు నడిచి, ‘అందుకే మా తాతకు నచ్చాడేమోరా. ఆయన్నీ ఊరి బయటకే తీసుకెళ్లారు’ అన్నాను. అతను ఏమీ అనలేదు. కాసేపటికి తనే ఛఠ్ పూజ గురించి చెప్పడం మొదలుపెట్టాడు. దీపావళి తర్వాత ఆరో రోజు వాళ్ల అమ్మ నదిలో నడుం లోతు నీళ్లలో నిలబడి, మునిగే సూర్యుడికీ మర్నాడు ఉదయించే సూర్యుడికీ అర్ఘ్యం ఇస్తుందట. ముప్పై ఆరు గంటలు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టదట. పూజారి ఉండడు, ఏ కులమైనా అదే ఘాట్‌లో దిగుతుందని చెప్పాడు. చెప్పి ఆగి, ‘ఆ రెండు రోజులే’ అన్నాడు. ఎంత దూరం నడిచామో గానీ అవతలి బీట్‌వాళ్లు ఎదురయ్యేదాకా తెలియలేదు.

2016 క్రిస్మస్‌కు చర్చికి వస్తానని తనే అన్నాడు. మా ఎపిఫనీ కెథడ్రల్ చూసినవాళ్లకు తెలుసు, బయట మసీదు లాంటి గుమ్మటాలు, లోపల గుడి మండపం లాంటి రాతి స్తంభాలు. కట్టడం ఏళ్ల తరబడి సాగి, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. అజరయ్య గారు కావాలనే అలా కట్టించారు. కుర్రాడు లోపలికి రాగానే పైకి చూసి, ‘చాచా, ఇది మందిరమా, మస్జిదా, చర్చియా?’ అన్నాడు. ఆరాధన అయ్యేదాకా ఒక స్తంభానికి చెయ్యి ఆనించి నిలబడ్డాడు. చేతిలో కొవ్వొత్తి. అందరూ కళ్లు మూసుకున్నప్పుడు తనూ మూసుకున్నాడు.

ఆ క్షణంలో ఎవరో ఫొటో తీశారు.

అప్పటికి జియో వచ్చి నాలుగు నెలలు కాలేదు, అందరి చేతుల్లో నెట్. సాయంత్రానికి యువకుల వాట్సాప్ గ్రూపులో ఆ ఫొటో, కింద అతని పేరు, ‘బీహార్ సహోదరుడు ప్రభువు చెంతకు’ అని ఒక లైను, దాని కింద ఈ ఆత్మను సంపాదించినవారు అని నా పేరు. దాని వెంట ఎన్ని చప్పట్లో, ఎన్ని ‘ఆమెన్’లో. అబద్ధమెందుకు, చూడగానే ఒక్క నిమిషం నా ఛాతీ ఉబ్బింది. నెత్తిన చెయ్యి పెట్టుకున్న మా తాత గుర్తొచ్చాడు. అతను బాప్తిస్మం తీసుకోలేదు, తీసుకుంటాననీ అనలేదు, ఇది నిజం కాదు, తీసెయ్యండి అని ఆ రాత్రే చెప్పాల్సింది. చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు.

మూడో రోజుకు అది రైల్వేవాళ్ల గ్రూపుల మీదుగా కాజీపేటలో ఉన్న అతని జిల్లావాడికి, అక్కణ్నుంచి వాళ్ల ఊరికి చేరింది. ఫిబ్రవరిలో అతనికి పెళ్లి. అమ్మాయి తరఫువాళ్లు, పేరు కూడా మార్చుకున్నాడా అని అడిగారట. వాళ్ల నాన్న రైలెక్కి వచ్చాడు. కొడుకు గది చూశాడు, గోడ మీద దేవుడి పటాలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. తర్వాత మా ఇంటి దాకా వచ్చి, వాకిట్లో నిలబడి, మా గుమ్మం మీది సిలువ వైపు, నా వైపు చూశాడు. లోపలికి రండి అన్నాను. నాతో ఒక్క మాట మాట్లాడకుండా వెళ్లిపోయాడు. ఆ చూపు ఇప్పటికీ నాకు అప్పుడప్పుడు కలలోకి వస్తుంది.

కుర్రాడు అడిగింది రెండే ప్రశ్నలు. ‘మీరు పంపారా చాచా?’ లేదన్నాను. ‘తీసెయ్యమన్నారా?’

మర్నాడు అతని డబ్బా మళ్లీ పట్టాల అవతలికి వెళ్లింది.

పది నెలలు అంతే. పెళ్లి మే నెలకు పోయింది గానీ జరిగింది. నన్ను పిలవలేదు. డ్యూటీలో ‘కీమన్ గారూ’ అనేవాడు. చాచా అనే మాట లేదు. ఖమ్మం పాఠకుడు గారూ, మీరు ఎర అని రాసింది చదివినప్పుడు నా కళ్ల ముందు ఆడింది ఆ పది నెలలే. నేను గాలం వెయ్యలేదు, అది నిజం. ఎవరో వేసి నా పేరు కట్టారు, నేను తెంచలేదు.

2017 అక్టోబరులో మా ఆవిడ మార్కెట్ నుంచి వచ్చి, బీహారీ పిల్ల ఒకతె కొత్త వెదురు చేటల కోసం అందర్నీ అడుగుతోందని చెప్పింది. కాపురానికి వచ్చిన అతని భార్య. ఛఠ్‌కు చేటలు కొత్తవే ఉండాలి, మన దగ్గర అందరూ ప్లాస్టిక్ వాడుతున్నారాయె. తెలిసిన మేదరాయన దగ్గరికి వెళ్లి నాలుగు చేటలు అల్లించాను. పట్టుకెళ్లి అతని గది ముందు నిలబడ్డాను. ‘తప్పు నాది. చూసి కూడా ఊరుకున్నాను. నాకు మంచిపేరు వస్తుందని ఊరుకున్నాను’ అన్నాను. ఇంత వయసొచ్చాక పాతికేళ్ల పిల్లవాడి ముందు ఆ మాట అనడం కష్టమే. అతను చేటలు తీసుకుని, ఒక్కోటి తిప్పి చూసి, ‘ఎంతయింది?’ అన్నాడు. డబ్బులు తీసుకోకపోతే చేటలు తీసుకోనన్నాడు. తీసుకున్నాను.

రెండు రోజుల తర్వాత తెల్లవారుజామున నాలుగింటికి తలుపు కొట్టాడు. ‘చాచా, చెరువు దగ్గర చీకటిగా ఉంది, మీ పెట్రోలింగ్ టార్చి కావాలి.’ టార్చి ఇచ్చి పడుకోవచ్చు. నేనూ వెళ్లాను. అతని భార్య నీళ్లలో నిలబడి ఉంది, చేటలో అరటి గెల, కొబ్బరికాయ, బెల్లం గోధుమపిండితో చేసిన ఠేకువాలు. ఒడ్డున చెరుకుగడలు పాతారు. నేను అర్ఘ్యం ఇవ్వలేదు, మొక్కలేదు, అది నా విశ్వాసం కాదు. అతనూ ఇవ్వమనలేదు. సూర్యుడు పైకి వచ్చేదాకా గట్టు మీద లైటు పట్టుకుని నిలబడ్డాను. ఆ అమ్మాయి చలికి వణుకుతూ కూడా కదల్లేదు. మా ఆవిడ ఉపవాస ప్రార్థనలు చాలా చూశాను, ఇంతటి పట్టుదల చూడలేదు. ఠేకువా నా చేతిలో పెట్టి ఛఠీ మాత కథంతా చెప్పాడు. ఖమ్మం పాఠకుడు గారు దాన్ని కూడా ఎర అంటారేమో నాకు తెలియదు.

ఆదివారం సంఘ పెద్ద ఒకాయన నన్ను పక్కకు పిలిచి, ‘విగ్రహారాధనకు వెళ్లావటగా?’ అన్నాడు. విగ్రహం లేదండీ, సూర్యుడు ఉన్నాడు, ఆయన రోజూ మన చర్చి మీద కూడా వస్తాడు అన్నాను. ఆయనకు నచ్చలేదు.

నెల తర్వాత ఒక సాయంత్రం కుర్రాడు మా ఇంటికొచ్చాడు. తన ఫోను, నా ఫోను రెండూ తీసి బయట అరుగు మీద పెట్టి లోపలికొచ్చి కూర్చున్నాడు. ‘ఇప్పుడు చెప్పండి చాచా, మీకు ఆయన ఎవరు?’

చెప్పాను. ఇన్నేళ్లుగా చర్చిలో సాక్ష్యం చెప్పిన మనిషిని, ఆ రోజు వేరేగా చెప్పాను. మా చిన్నమ్మాయి నాలుగేళ్లకే పోయినప్పుడు రెండేళ్లు నేను చర్చి గుమ్మం తొక్కలేదని, దేవుణ్ని నోటికొచ్చినట్టు తిట్టానని, తాగి డ్యూటీకి వెళ్లి ఉద్యోగం పోయేదాకా వచ్చిందని, ఆ రెండేళ్లూ మా ఆవిడ పిడికెడు బియ్యం మానలేదని చెప్పాను. చర్చిలో చెప్పేటప్పుడు ఆ రెండేళ్లు దాటేస్తాను. మార్చాలని చెప్పే కథలో అవి అడ్డమొస్తాయి. స్నేహితుడికి చెప్పేటప్పుడు దాటెయ్యలేకపోయాను. అతను ‘ఇప్పుడు కోపం పోయిందా?’ అనడిగాడు. మొత్తం పోలేదన్నాను.

ఇదంతా ఇప్పుడు రాయడానికి మీ పాఠకుడి ఉత్తరం ఒక్కటే కారణం కాదు. ఈ మధ్య మా వైపు ఒకచోట యువకులకు శిక్షణ పెట్టి ఒక ఫారం పంచారు. అన్య మతస్థులైన అయిదుగురు స్నేహితుల పేర్లు రాయాలి. పక్కన గడులు: స్నేహం మొదలైన తేదీ, సువార్త చెప్పిన తేదీ, ఫలితం. మా మనవడు తెచ్చి చూపించాడు. నింపాడు కూడా, మూడు పేర్లు. వాటిలో ఒకటి వాడితో రోజూ క్రికెట్ ఆడే పిల్లవాడిది. ఆ పిల్లవాడికి ఈ కాగితం చూపిస్తావా అనడిగితే నీళ్లు నమిలాడు. చూపించలేని కాగితం రాయొద్దురా అన్నాను. ఆ శిక్షణ ఇచ్చినవాళ్లు చెడ్డవాళ్లని నేననను, వాళ్ల ఆత్రం నాకు తెలుసు. ఆ ఆత్రమే నన్ను రెండు రోజులు నోరు మూయించింది.

రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు అందరికీ ఇచ్చిందని, 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, ఆ హక్కులో ఎదుటివాణ్ని మార్చే హక్కు లేదని చెప్పిందని వకీలు పని చేసే మా అల్లుడు చెప్పాడు. మంచిదే. ఖమ్మం పాఠకుడు గారు మొదటి సగం, మావాళ్లు రెండో సగం చదువుకుంటే బాగుంటుంది. నాకు మాత్రం ఫోను అరుగు మీద పెట్టి రమ్మన్నదే బాగా అర్థమైంది.

కుర్రాడు 2022లో హాజీపూర్ జోన్‌కు బదిలీ చేయించుకుని సొంత ఊరి దగ్గరికి వెళ్లిపోయాడు. వెళ్లేటప్పుడు మా ఆవిడ పెద్దక్షరాల కీర్తనల పుస్తకం అడిగి తీసుకున్నాడు, తెలుగు మర్చిపోకుండా ఉండటానికట. అట్ట మీద పేరు రాయబోతే వద్దు, ఖాళీగా ఉండనీ అన్నాడు. పండగలకు ఫోన్ చేస్తాడు. పోయిన నెల చేసి, అక్కడ గోంగూర దొరకట్లేదు, విత్తనాలు పోస్టులో పంపమన్నాడు. పంపాం. ఆ పుస్తకం చదువుతున్నాడా, నమ్ముతున్నాడా అని మా సంఘంలో ఇప్పటికీ అడుగుతుంటారు. నేను అతన్ని అడగలేదు. చెప్పాలనుకుంటే ఫోను ఎక్కడ పెట్టాలో అతనికి తెలుసు.

ఈ ఉత్తరం వేస్తారో లేదో మీ ఇష్టం. ఇప్పటికే ఒకసారి అతని పేరు ఊరూరా తిరిగింది కాబట్టి ఇందులో పేరు రాయలేదు. నా పేరు కూడా వేయకండి, నా పేరుంటే అతనెవరో ఇక్కడ అందరికీ తెలిసిపోతుంది. స్థలం మిగిలితే పక్కన మా కెథడ్రల్ బొమ్మ వేసుకోండి. మనుషులున్న ఫొటో మాత్రం దయచేసి వేయొద్దు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కీమన్,
డోర్నకల్, మహబూబాబాద్ జిల్లా